సముద్రపు మంచు కింద ఏముందో ఎలా చూడాలి: ఏ పని ముందు, ఏ పని తర్వాత

ధ్రువాల దగ్గర గడ్డకట్టిన సముద్రం కింద ఏం బతుకుతోంది, నీళ్లు ఎంత చల్లగా, ఎంత ఉప్పగా ఉన్నాయి, వెలుతురు ఎంత దిగుతోంది అని తెలుసుకోవాలంటే ఎక్కడో ఒకచోట చిల్లు పెట్టక తప్పదు. చిక్కంతా అక్కడే వస్తుంది. చిల్లు పెట్టగానే చీకటిగా ఉన్న చోట వెలుతురు పడుతుంది, మంచు లోపలి ఉప్పునీరు కారిపోతుంది, కింద పొరలుగా నిలిచి ఉన్న నీళ్లు కలిసిపోతాయి, మంచు అడుగున పట్టుకుని ఉన్న నాచు ఊడి కొట్టుకుపోతుంది. కొలవడానికి వెళ్లినదాన్ని కొలవకముందే చెడగొట్టినట్టవుతుంది. అందుకే ఎంత మంచి పరికరాలున్నా పనుల వరస తప్పితే ఆ డేటా దేనికీ పనికిరాదు. మొదటిసారి ఇలాంటి ఫీల్డ్ పనికి వెళ్లబోయేవాళ్లని దృష్టిలో పెట్టుకుని ఆ వరసనే ఇక్కడ రాస్తున్నాను.

బయల్దేరకముందు

ముందు ప్రశ్న తేల్చుకోండి. "మంచు కింద జీవం" అన్నది అంశమే కానీ ప్రశ్న కాదు. స్నో (గడ్డకట్టిన సముద్రం మీద ఆకాశం నుంచి రాలి పడే మెత్తటి హిమం) పలచగా పడ్డ చోట మంచు అడుగున నాచు ఎక్కువ ఉందా, వసంతంలో అది ఎప్పుడు పెరగడం మొదలుపెడుతోంది, దాన్ని తినే చిన్న జీవులు ఎక్కడ దాక్కుంటున్నాయి, ఇలా ఒక్క వాక్యంలో చెప్పగలిగినది పట్టుకోండి. మైనస్ 25 డిగ్రీల్లో గాలి కొడుతుంటే "ఇది కూడా ఒకసారి కొలిచేద్దాం" అనుకున్నవేవీ జరగవు.

ప్రశ్న దొరికాక, దానికి సమాధానం ఇప్పటికే ఎవరైనా కొలిచి పెట్టారేమో చూడండి. మంచు కింది సముద్రం గురించి ఉచితంగా దొరికే డేటా మనం అనుకునేదానికన్నా చాలా ఎక్కువ. నీటిలో మునుగుతూ తేలుతూ వాటంతటవే కొలిచే ఆర్గో ఫ్లోట్లు ఉన్నాయి. అవి పైకి తేలి వస్తున్నప్పుడు నీళ్లు గడ్డకట్టే ఉష్ణోగ్రతకు దగ్గరగా కనిపిస్తే పైన మంచు ఉందని లెక్కగట్టి, ఢీకొట్టకుండా మళ్లీ కిందకి దిగిపోతాయి. అమెరికాలోని వుడ్స్ హోల్ సముద్ర పరిశోధన సంస్థవాళ్లు 2004 నుంచి ఆర్కిటిక్ మంచు పలకలకు వేలాడదీస్తున్న ప్రొఫైలర్లు ఒక తీగ వెంట కిందకీ పైకీ తిరుగుతూ ఉష్ణోగ్రత, ఉప్పదనం పంపుతుంటాయి. అంటార్కిటికా చుట్టూ ఎలిఫెంట్ సీల్స్ తలమీద అంటించిన చిన్న సెన్సర్లు అవి మునిగినప్పుడల్లా నీటిని కొలుస్తాయి, ఓడ వెళ్లలేని చోటి సమాచారం వాటివల్లే వస్తోంది. ఈ సీల్స్ రికార్డులు మియాప్ అనే పోర్టల్‌లో దొరుకుతాయి. జర్మనీ వాళ్ల పాంగియా భాండాగారంలో మంచు కోర్‌ల (మంచులోంచి డ్రిల్లుతో తీసే నిలువు కడ్డీల) డేటా, కెమెరా ఫోటోలు కూడా దొరుకుతాయి. ఓడ ఎక్కే అవకాశం లేనివాళ్లు వీటితోనే మంచి పరిశోధన చేయొచ్చు, చేస్తున్నారు కూడా.

ఉపగ్రహాలను మాత్రం ఎంతవరకు నమ్మాలో తెలుసుకుని వాడండి. 2010లో వెళ్లిన క్రయోశాట్-2 గానీ, 2018లో వెళ్లిన ఐస్‌శాట్-2 గానీ మంచు కిందికి చూడలేవు. నీటిపైన మంచు ఎంత ఎత్తు తేలుతోందో కొలుస్తాయి, దాన్నుంచి మొత్తం మందం లెక్క వేస్తారు. తేలే మంచులో పైకి కనిపించేది సుమారు పదో వంతే కాబట్టి, పైన స్నో ఎంత ఉందన్న అంచనాలో చిన్న తేడా వచ్చినా మందం లెక్కలో అది చాలా పెద్దదైపోతుంది.

ఇక ఉత్తరమా, దక్షిణమా అన్నది. రెండూ ఒకటే అనుకుని ప్లాన్ వేస్తే మొదటికే మోసం వస్తుంది. ఆర్కిటిక్ చుట్టూ నేల ఉన్న సముద్రం, అక్కడ ఒక వేసవి దాటి నిలిచిన పాత మంచు ఇంకా కొంత ఉంది, తెల్ల ఎలుగుబంట్లు ఉన్నాయి, వేసవిలో మంచు పైన నీటి మడుగులు ఏర్పడతాయి. అంటార్కిటికాలో ఎక్కువ భాగం ఏ ఏడాదికాయేడు పుట్టి కరిగే మంచు, దానిమీద స్నో భారం ఎక్కువ. ఆ బరువుకి మంచు పలక నీళ్లలోకి దిగి, సముద్రపు నీరు పైకెక్కి స్నోని తడిపి మళ్లీ గడ్డకడుతుంది. అందుకని దక్షిణాన నాచు అడుగునే కాదు, మంచుకీ స్నోకీ మధ్య కూడా పెరుగుతుంది. అడుగు ముక్కలే కోసి తెచ్చుకుంటే సగం కథ అక్కడే వదిలేసి వచ్చినట్టు.

కాలం కూడా చూసుకోవాలి. మంచు నాచు వసంతంలో పెరుగుతుంది, అంటే ఉత్తరాన మార్చి నుంచి, దక్షిణాన సెప్టెంబరు నుంచి. కెమెరాతో గానీ డైవింగ్‌తో గానీ అడుగు చూడాలనుకుంటే నీటిలో ప్లాంక్టన్ (నీళ్లతోపాటు కొట్టుకుపోయే సూక్ష్మజీవులు) విజృంభించక ముందే వెళ్లండి, ఆ విజృంభణనే బ్లూమ్ అంటారు. అంటార్కిటికాలోని మెక్‌మర్డో సౌండ్‌లో అక్టోబరు, నవంబరుల్లో వంద మీటర్లకు పైగా స్పష్టంగా కనిపించే నీరు, డిసెంబరు, జనవరిల్లో బ్లూమ్ వచ్చాక కొద్ది మీటర్లు కూడా కనిపించనంత మసకబారుతుంది.

అనుమతుల సంగతి చిన్నచూపు చూడొద్దు. అంటార్కిటికాకైతే 1991లో మాడ్రిడ్‌లో సంతకాలై 1998లో అమల్లోకి వచ్చిన పర్యావరణ ప్రొటోకాల్ ఉంది. దాని ప్రకారం ఏ పని చేసినా ముందు పర్యావరణ ప్రభావం అంచనా వేయాలి, జంతువుల్ని పట్టాలంటే విడిగా పర్మిట్ కావాలి. ఆర్కిటిక్‌లో ఆ తీరం ఏ దేశానిదైతే ఆ దేశం నియమాలు. ఈ కాగితాలకు నెలలు పడతాయి.

మంచు పలక మీద కాలు పెట్టేటప్పుడు

సముద్రపు మంచు చెరువు మంచంత గట్టిది కాదు. లోపల ఉప్పునీటి గదులుంటాయి కాబట్టి అంతే మందం ఉన్నా తక్కువ బరువే మోస్తుంది, వేడెక్కేకొద్దీ ఇంకా మెత్తబడుతుంది. చూపుతో మందం చెప్పడానికి ఎప్పుడూ ప్రయత్నించకండి. కొత్త చోటికి వెళ్తే నడిచే దారి పొడవునా చేతి డ్రిల్లుతో మందం చూసుకుంటూ వెళ్లాలి, పగులు కనిపిస్తే దానికి రెండువైపులా, పగులు లోపలా కూడా. తీరం దగ్గరైతే ఆటుపోట్లకు మంచు లేస్తూ దిగుతూ ఉండే చోట పగుళ్లు తప్పకుండా ఉంటాయి, పైన స్నో కప్పేసి ఉంటే కనిపించవు.

ఉత్తరాన ఎలుగుబంటి కాపలా మనిషికి ఇంకే పనీ చెప్పకండి. కోర్ పట్టుకోమనో, లేబుల్ రాయమనో అడిగారంటే కాపలా లేనట్టే. పొగమంచు కమ్మితే పని ఆపి ఓడకో, క్యాంపుకో వెళ్లిపోవడమే. దక్షిణాన ఎలుగుబంట్లు లేవు కానీ మంచు అంచు దగ్గర నీళ్లలోకి దిగేవాళ్లకు లెపర్డ్ సీల్ ప్రమాదం నిజమైనది. 2003లో అంటార్కిటికాలోని బ్రిటిష్ స్టేషన్ రోథెరా దగ్గర ఒక పరిశోధకురాలు దాని దాడిలోనే ప్రాణం కోల్పోయారు. నీళ్లలో లెపర్డ్ సీల్ కనిపించిందంటే ఆ రోజుకి డైవింగ్ లేదు, దాని మీద చర్చ కూడా అనవసరం.

సురక్షితం అనుకున్నాక పలకని రెండుగా విడదీయండి. ఒకవైపు బూట్లు, స్లెడ్జిలు, జనరేటర్, టెంట్. రెండోవైపు ఎవరూ అడుగుపెట్టని చోటు, చుట్టూ జెండాలు పాతి. స్నో మీద ఒక మనిషి అటూ ఇటూ తొక్కితే చాలు, అది అణిగి కిందికి దిగే వెలుతురు మారిపోతుంది. జనరేటర్ పొగ గాలివాటుకి ఎటు పోతుందో చూసి, నమూనాలు తీసే చోటు దానికి ఎదురుగాలి వైపు పెట్టుకోండి. గాలి మారితే జనరేటర్ని మార్చండి, నమూనాల చోటుని కాదు.

ముందుగా వెలుతురు

చాలామంది వెళ్లగానే డ్రిల్లు తీస్తారు. వద్దు. మొదట స్నో మందం కొలవండి, ఒక్క చోట కాదు, ఒక గీత వెంట పదులకొద్దీ చోట్ల, ఎందుకంటే గాలి స్నోని ఒకచోట నుంచి ఊడ్చి ఇంకోచోట పోస్తుంది. మంచు కింద వెలుతురుని నిర్ణయించేది మంచు మందం కన్నా ఎక్కువగా ఈ స్నోనే. ఒక మీటరుకు పైగా మందం ఉన్న మంచు మీద కాస్త దళసరిగా స్నో కప్పి ఉంటే, పైన పడ్డ వెలుతురులో నూటికి ఒక వంతు కూడా కిందికి చేరకపోవచ్చు. వేసవిలో స్నో పోయి పైన నీటి మడుగు ఏర్పడితే అదే మంచు గుండా ఎన్నో రెట్లు దిగుతుంది.

ఈ మడుగుల వల్లే 2011లో ఒక పెద్ద ఆశ్చర్యం బయటపడింది. మంచుని చీల్చుకుంటూ వెళ్లే అమెరికా ఓడ హీలీ ఆర్కిటిక్‌లోని చుక్చీ సముద్రంలో మంచులోకి వెళ్తే, సుమారు 0.8 నుంచి 1.3 మీటర్ల మందం ఉన్న మంచు కింద, అంచు నుంచి వంద కిలోమీటర్లకు పైగా లోపలిదాకా ఫైటోప్లాంక్టన్ (ప్లాంక్టన్‌లో మొక్కల్లాంటి రకం) దట్టంగా పెరిగి ఉంది. అప్పటిదాకా మంచు కరిగిపోయాకే అంత పెరుగుదల వస్తుందని అనుకునేవాళ్లు. ఉపగ్రహాలకు అది కనిపించే అవకాశమే లేదు.

వెలుతురు కొలవడానికి సెన్సర్‌ని చిల్లులోంచి నేరుగా కిందికి దించితే చిల్లులోంచి జారే వెలుతురునే కొలుస్తారు. దీనికి మడత చేయి వాడతారు. కర్రలాంటి పొడవైన చేయి నిటారుగా చిల్లులో దిగుతుంది, కిందికి వెళ్లాక తాడు లాగితే మోచెయ్యి మడిచినట్టు అడ్డంగా తెరుచుకుంటుంది, సెన్సర్ చిల్లుకి ఒకటి రెండు మీటర్ల దూరంలో మంచు అడుగుకి దగ్గరగా నిలుస్తుంది. సెన్సర్ ఉన్న వైపు మీద ఎవరూ నడిచి ఉండకూడదు, చిల్లుని నల్లటి గుడ్డతోనో తవ్విన స్నోతోనో మూసేయాలి. అదే సమయానికి మంచు పైన ఇంకో సెన్సర్ నడుస్తుండాలి, లేకపోతే మబ్బు వచ్చి పోయిందా, మంచు అడ్డుకుందా అన్నది తేలదు.

ఇంత జాగ్రత్త దేనికంటే, ఈ జీవులకు కావలసిన వెలుతురు మన ఊహకి అందనంత తక్కువ. 2019 శరదృతువు నుంచి 2020 శరదృతువు దాకా జర్మనీ పరిశోధక ఓడ పోలార్‌స్టెర్న్‌ని మంచులో ఇరికించి, దానితోపాటే కొట్టుకుపోతూ చేసిన మొజాయిక్ యాత్రలో, 88 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర ధ్రువరాత్రి ముగిసీ ముగియకముందే, మార్చి చివర్లోనే సూక్ష్మనాచు పెరగడం మొదలుపెట్టిందని తేలింది. ఆ ఫలితాలు 2024లో వచ్చాయి. అప్పుడు మంచు కింద ఉన్న వెలుతురు చదరపు మీటరుకు సెకనుకు 0.04 మైక్రోమోల్ ఫోటాన్ల దరిదాపుల్లో ఉంది. నడి మధ్యాహ్నపు ఎండలో అది సుమారు 2000 ఉంటుంది, అంటే యాభై వేల వంతు. అలాంటి చోట మీ హెడ్‌ల్యాంప్ ఒక్కసారి చిల్లువైపు తిరిగినా కొలత పోయినట్టే.

కోర్ తీయడం

పని మొత్తంలో ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే, కాబట్టి నింపాదిగా చదవండి.

సముద్రపు నీరు మైనస్ 1.8 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. గడ్డకట్టే నీరు ఉప్పుని తనలో ఉంచుకోదు, బయటికి తోసేస్తుంది. కొంత ఉప్పు కింది సముద్రంలోకి పోతుంది, మిగతాది మంచు లోపలే సన్నటి గొట్టాల్లో, గదుల్లో చిక్కటి ఉప్పునీరుగా ఉండిపోతుంది, దాన్నే బ్రైన్ అంటారు. మంచు చల్లబడేకొద్దీ ఆ గదులు కుంచించుకుపోయి బ్రైన్ ఇంకా చిక్కబడుతుంది. మైనస్ 10 డిగ్రీల దగ్గర అది మామూలు సముద్రపు నీటికి సుమారు నాలుగు రెట్లు ఉప్పగా ఉంటుంది. డయాటమ్‌లు (గాజులాంటి పెంకు ఉన్న ఏకకణ నాచు), బ్యాక్టీరియా, చిన్న పురుగులు బతికేది ఈ గొట్టాల్లోనే. ఫీల్డ్‌లో మూడు ఐదుల లెక్క ఒకటి గుర్తుపెట్టుకుంటారు: ఉప్పదనం 5 (వెయ్యికి 5 వంతులు) ఉన్న మంచు మైనస్ 5 డిగ్రీలకు చేరితే బ్రైన్ 5 శాతం అవుతుంది, అక్కడి నుంచి గొట్టాలు ఒకదానితో ఒకటి కలిసి మంచు గుండా నీరు పారడం మొదలవుతుంది. అంటే వెచ్చబడిన మంచు నుంచి కోర్ తీస్తే పైకి లాగుతుండగానే లోపలి నీరు, దాంతోపాటు దానిలోని జీవులూ కారిపోతాయి.

అందుకే ఒక్క కోర్‌తో అన్నీ చేద్దామనుకోకండి. ఉష్ణోగ్రతకీ ఉప్పదనానికీ ఒకటి, జీవులకు ఇంకొకటి, కుదిరితే పోషకాలకు మరొకటి, అన్నీ పక్కపక్కనే తీయండి. 9 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న బారెల్ (కోర్‌ని లోపల పట్టుకునే డ్రిల్లు గొట్టం) ఎక్కువగా వాడతారు. డ్రిల్లుని బలంగా నొక్కకండి, దాని బరువుతో దాన్ని దిగనివ్వండి. చివరి పదిహేను ఇరవై సెంటీమీటర్లు మోటార్ ఆపి చేత్తో తిప్పితే మేలు, ఎందుకంటే అడుగున ఉన్న మెత్తటి పొర మోటార్ ఊపుకి విరిగి నీళ్లలో పడిపోతుంది, మీకు కావలసిందేమో అదే.

ఉష్ణోగ్రత కోర్ బయటికి రాగానే నీడలో పడుకోబెట్టి, థర్మామీటర్ మొన పట్టేంత సన్నటి బిట్‌తో 5 లేదా 10 సెంటీమీటర్లకొక చిల్లు మధ్యదాకా వేసి కొలుచుకుంటూ పోవాలి. ఒకరు చిల్లు వేస్తే ఒకరు కొలవాలి, మూడోవాళ్లు రాయాలి. ఒక్కరే చేస్తే చివరి చిల్లు దగ్గరికి వచ్చేసరికి కోర్ గాలి ఉష్ణోగ్రతకి మారిపోయి ఉంటుంది. కొలవడం అవగానే రంపంతో ముక్కలు కోసి మూతలు గట్టిగా ఉన్న డబ్బాల్లో వేసేయండి, కారే నీరు కూడా డబ్బాలోనే పడాలి.

జీవుల కోర్ దగ్గర తొందర వేరే రకం. బారెల్ లోంచి జారి వచ్చినప్పుడు పై భాగమంతా తెల్లగా, పాలిపోయి ఉంటుంది, ఏమీ లేదనిపిస్తుంది. అడుగుకి వచ్చేసరికి రంగు తిరుగుతుంది, చివరి మూడు నాలుగు సెంటీమీటర్లు ముదురు గోధుమరంగులో ఉంటాయి. వేలితో తాకితే ఆ పొర పలకలు పలకలుగా ఉండి, మధ్యలో తడి, వేలికి గోధుమరంగు అంటుతుంది. ఆ రంగంతా డయాటమ్‌లదే. దాన్ని ఎండలో పెట్టి ఫోటోలు తీస్తూ కూర్చోకండి. అంత మసక వెలుతురుకి అలవాటుపడ్డ నాచు నేరుగా ఎండ తగిలితే దెబ్బతింటుంది. నల్లటి ప్లాస్టిక్ కప్పి, దాని కిందే కోసి, చీకటి డబ్బాలో పెట్టండి.

కరిగించడం ఇంకో మెట్టు, చాలామంది జారేది ఇక్కడే. మంచుముక్కని ఉత్తినే కరగనిస్తే దాదాపు మంచినీరు వస్తుంది. చిక్కటి బ్రైన్‌లో బతికిన కణాలు ఒక్కసారిగా ఆ నీళ్లలో పడి ఉబ్బి పగిలిపోతాయి. మైక్రోస్కోప్ కింద ఖాళీ పెంకులు చూసి "ఇక్కడ జీవులేం లేవు" అని రాసుకుంటారు. అందుకని జీవుల ముక్కలకు వడపోసిన సముద్రపు నీరు కొలిచి కలిపి, చీకట్లో, సుమారు 4 డిగ్రీల దగ్గర నెమ్మదిగా కరిగించాలి. ఎంత నీరు కలిపారో రాసుకోవడం మర్చిపోతే తర్వాత ఏ లెక్కా తేలదు. ఉప్పదనం ముక్కలకు మాత్రం ఏమీ కలపకూడదు. ఈ రెండు డబ్బాలు కలగాపులగం కాకుండా డబ్బాలే వేర్వేరు రంగుల్లో పెట్టుకోవడం తేలికైన ఉపాయం.

నీటిని కొలవడం

కోర్‌లు తీసిన చిల్లుని నీటి పనికి వాడకండి, డ్రిల్లు తిరిగి తిరిగి అక్కడి నీరంతా కలిసిపోయి ఉంటుంది. వేరే చోట పెద్ద చిల్లు చేసి, తేలే మంచు ముక్కల్ని జల్లెడ గరిటెతో తీసేసి, కాసేపు కదపకుండా వదిలేయండి. దానిమీద టెంట్ వేసి లోపల హీటర్ పెట్టుకోవడం సుఖం కోసం కాదు. ఉష్ణోగ్రత, ఉప్పదనం, లోతు కొలిచే సీటీడీ పరికరం లోపల ఒక సన్నటి గాజుగొట్టం ఉంటుంది, దానిలో మిగిలిన చుక్క నీరు బయటి చలికి గడ్డకడితే గొట్టం పగులుతుంది, లేదా పగలకుండానే తప్పు అంకెలు ఇస్తుంది. రెండోది ఇంకా ప్రమాదం. టెంట్ లోంచి నేరుగా నీటిలోకి దించండి, మంచు అడుగు దాటాక కొన్ని నిమిషాలు అక్కడే ఆపి సెన్సర్లు నీటి చలికి సర్దుకోనివ్వండి, తర్వాతే కిందికి వదలండి.

వేసవిలో వెళ్లినవాళ్లు మొదటి రెండు మీటర్ల మీద కన్నేసి ఉంచాలి. కరిగిన మంచినీరు తేలికది కాబట్టి మంచు అడుగున పలచటి పొరగా నిలుస్తుంది. ఆ మంచినీరు సున్నా డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది, దాని కింద ఉన్న ఉప్పునీరేమో అంతకన్నా చల్లగా ఉంటుంది. దాంతో రెండూ కలిసే చోట, అసలు మంచుకి ఎంతో దిగువన, కొత్తగా ఒక పలచటి మంచు పొర పుడుతుంది. దాన్ని దొంగ అడుగు అనొచ్చు. డ్రిల్లు దాన్ని చీల్చుకుని పోతే మీకు తెలియను కూడా తెలియదు, మందం కొలత తప్పుతుంది. సీటీడీని గబగబా దించితే ఈ పొరలన్నీ కలిసిపోతాయి కాబట్టి ఇలాంటి చోట చిన్న సెన్సర్‌ని సన్నటి చిల్లులోంచి సెంటీమీటర్ల లెక్కన దించడమే పద్ధతి.

నీటి నమూనా సీసాలు పైకి రాగానే ముందు కరిగిన ఆక్సిజన్‌కి తీయండి, తర్వాత పోషకాలకు, ఆ తర్వాత వడపోతకు. ప్లాంక్టన్ వలని నిలువుగా, నెమ్మదిగా లాగండి. పైకి వచ్చిన వల బయటి గాలిలో క్షణాల్లో బిగుసుకుపోతుంది, దానిలోని జీవులతో సహా. టెంట్‌లోనే కడిగేయాలి.

ఇలాంటి పని ఓపికతో ఎంత దూరం వెళ్లొచ్చో చూడాలంటే 1937 నాటి సోవియట్ ఉత్తర ధ్రువం-1 స్టేషన్ గురించి చదవండి. తేలే మంచు మీద నలుగురే మనుషులు. వాళ్లలో షిర్షోవ్ అనే జలజీవ శాస్త్రవేత్త చిల్లులోంచి వలలు దించి, చేత్తో తిప్పే వించ్‌తో లాగి, జీవం ఉండదని చాలామంది అనుకున్న ఆర్కిటిక్ నడిబొడ్డున ప్లాంక్టన్ ఉందని చూపించారు.

కళ్లతో చూడటం

కోర్, సీసా, వల మీకు ఇచ్చేది చిన్న చిన్న చుక్కలు. మంచు అడుగు సమతలంగా ఉండదు. గుట్టలు, గాడులు, పగుళ్లు, ఒకచోట నాచు దట్టంగా, పది అడుగుల అవతల ఖాళీ. పది కోర్‌లు తీసినా ఆ తేడా పట్టుబడకపోవచ్చు. ఆర్కిటిక్‌లో మెలోసీరా ఆర్కిటికా అనే డయాటమ్ మంచు అడుగు నుంచి మీటర్ల పొడవు జడల్లా వేలాడుతుంది. కోర్ బారెల్ తగలగానే తెగిపోతుంది కాబట్టి కోర్‌లు మాత్రమే తీసేవాళ్ల లెక్కలో అది దాదాపు ఉండదు. 2012 వేసవిలో పోలార్‌స్టెర్న్ బృందం కెమెరాలు దించితే ఈ జడలు మంచు కరిగాక ఊడి, సుమారు 4000 మీటర్ల లోతున సముద్రం అడుగున ముద్దలుగా పడి ఉన్నాయి, వాటిని సీకుకంబర్లు తింటున్నాయి.

అందుకని ఒక చిన్న రిమోట్ వాహనమైనా వెంట ఉండాలి, అదీ లేకపోతే పొడవైన కర్రకి కట్టిన కెమెరా అయినా సరే. మంచు అడుగున పాకే యాంఫిపాడ్‌లు (చిన్న రొయ్యల్లాంటి జీవులు), గాడుల్లో దాక్కునే పోలార్ కాడ్ పిల్లలు, దక్షిణాన అయితే మంచు నాచుని గీక్కుంటూ తినే క్రిల్ పిల్లలు కనిపించేది దీనితోనే. మెక్‌మర్డోలో మంచు పలకల సందుల్లో పగోథీనియా అనే చిన్న చేప గడ్డకట్టే నీళ్లలో హాయిగా తిరుగుతుంటుంది. దాని రక్తంలో మంచు స్ఫటికాలు పెరగకుండా అడ్డుకునే ప్రోటీన్లు ఉంటాయని 1960ల్లో ఆర్థర్ డెవ్రీస్ పరిశోధన మొదలుపెట్టి తేల్చారు. వాహనం వాడేటప్పుడు లైట్లు తగ్గించండి, ప్రొపెల్లర్ ఊపు అడుగుకి తగలనంత దూరం ఉంచండి. జడలు తెగిపోయాక తీసిన వీడియోకి విలువ లేదు.

తాడు లేని స్వయంచాలక వాహనం జోలికి కొత్తవాళ్లు వెళ్లొద్దని నా గట్టి అభిప్రాయం. నీటిలో జీపీఎస్ అందదు, ధ్రువం దగ్గర దిక్సూచి సరిగా పనిచేయదు, ఎక్కడైనా మొరాయిస్తే పైకి తేలి రావడానికి దారి ఉండదు. ఎంతో అనుభవమున్న బ్రిటిష్ బృందం కూడా 2005లో అంటార్కిటికాలో ఫింబుల్ మంచు షెల్ఫ్ (నేల మీది నుంచి సముద్రం మీదికి చాచుకుని తేలే దళసరి మంచు) కింద ఆటోసబ్ వాహనాన్ని పోగొట్టుకుంది.

ఓడ తాడుతో లాక్కెళ్లే కెమెరాని మాత్రం తక్కువ అంచనా వేయకండి. 2021 ఫిబ్రవరిలో పోలార్‌స్టెర్న్ వెడెల్ సముద్రంలో అడుగుకి దగ్గరగా కెమెరా లాగుతూ వెళ్తుంటే ఐస్‌ఫిష్ గూళ్లు కనిపించడం మొదలై ఎంతకీ ఆగలేదు. ఒక్కోటి సుమారు 75 సెంటీమీటర్ల వెడల్పు, ఎక్కువ గూళ్లలో ఒక పెద్ద చేప గుడ్లకు కాపలా. ఆ కాలనీ 240 చదరపు కిలోమీటర్లు ఉంటుందని, సుమారు 6 కోట్ల గూళ్లు ఉంటాయని లెక్కగట్టారు.

డైవింగ్ గురించి ఇక్కడ చదివి నేర్చుకోవడం కుదరదు, మంచు కింద డైవింగ్‌కి విడిగా శిక్షణ ఉంది, అది లేకుండా దిగకూడదు. తెలుసుకోవలసింది ఇంతే: డ్రైసూట్, వేర్వేరు వాల్వ్‌లకు తగిలించిన రెండు రెగ్యులేటర్లు, ప్రవాహం ఉంటే నడుముకి తాడు, పైన తాడు పట్టుకునే మనిషి, ఇంకో చిల్లు సిద్ధంగా. రెగ్యులేటర్‌ని పైన చలిగాలిలో ఊది చూడకండి. ఊపిరిలోని తేమ లోపల గడ్డకట్టి నీళ్లలోకి దిగాక గాలి ఆగకుండా వచ్చేస్తుంది, నిమిషాల్లో సిలిండర్ ఖాళీ. పైన ఉన్నవాళ్ల పని ఒకటే, చిల్లు మూసుకుపోకుండా చూడటం. సీల్ వచ్చి ఊపిరికి అదే చిల్లు వాడుకుంటుంటే దానికి దారివ్వండి, కింద ఉన్నవాళ్లకు తాడుతో సైగ చేయండి.

వదిలేసి రావలసినవి

మీరు ఉండేది కొన్ని వారాలు, సముద్రం ఏడాదంతా మారుతుంటుంది. ఉష్ణోగ్రత తీగలున్న బోయలు (మంచులో పాతి వదిలే కొలత స్తంభాలు), లైట్ సెన్సర్లు, నీటి మైకులు వదిలి రావడం మామూలే. అంటార్కిటికాలో ఎక్‌స్ట్రోమ్ మంచు షెల్ఫ్ మీద 2005 చివర్లో పెట్టిన పలావోవా కేంద్రం కింది సముద్రంలోని సీల్స్, తిమింగలాల గొంతులను ఏళ్ల తరబడి వినిపించింది. వదిలే పరికరాన్ని పగుళ్లకీ, మంచు గుట్టలకీ దూరంగా, వేసవిదాకా నిలిచే దళసరి పలక మీద పెట్టండి. కేబుళ్లు మంచు పైన పరిచి వదలొద్దు, ఉత్తరాన నక్కలు, ఎలుగుబంట్లు కొరికేస్తాయి, గట్టి గొట్టంలోంచి తీసుకెళ్లండి. బోయ చుట్టూ స్నో పేరుకుపోతే అది కొలిచే మంచు చుట్టుపక్కల మంచులా ఉండదు, కాబట్టి స్తంభం సన్నగా ఉండాలి.

రాసుకోవడం

పెన్సిల్, నీటికి తడవని కాగితం. పెన్ను గడ్డకడుతుంది, ఫోన్ బ్యాటరీ చలికి చచ్చిపోతుంది. సమయం యూటీసీలోనే (ప్రపంచమంతా ఒకటిగా వాడే ప్రామాణిక సమయంలోనే) రాయండి, ఓడలో గడియారం రేపు మార్చేస్తారు. పలక కదులుతూనే ఉంటుంది, కింది నీరు ఇంకో వేగంతో, ఇంకో దిక్కుకి పోతుంటుంది, కాబట్టి పొద్దున్న కొలిచిన నీరూ సాయంత్రం కొలిచిన నీరూ ఒకే నీరు కాకపోవచ్చు. పని మొదలుపెట్టినప్పుడు, ముగించినప్పుడు రెండుసార్లూ స్థానం రాయండి. చిల్లుకొక నంబరు, దాని దగ్గర స్నో మందం, మంచు మందం, నీటిమట్టం ఎంత పైకొచ్చింది, ఆకాశం ఎలా ఉంది, ఎవరు కొలిచారు. డబ్బా మీద లేబుల్ మూత మీద కాదు, ఒంటిమీద అంటించాలి, మూతలు మారిపోతాయి.

వచ్చేముందు చిల్లుల్లో తీసిన మంచే తిరిగి నింపి, అవి గట్టిపడేదాకా జెండాలు ఉంచి, ఆ తర్వాత జెండాలతో సహా అన్నీ ఎత్తుకొచ్చేయండి. తిరిగొచ్చాక సెన్సర్లను మళ్లీ క్యాలిబ్రేషన్‌కి పంపి, వెళ్లేముందు చేయించినదానితో తేడా చూసి, ఆ తేడాని కూడా డేటాతోపాటే భాండాగారంలో పెట్టండి.